విశాఖ–కిరండూల్ పాసింజర్

విశాఖపట్నం నుంచి అరకు, కోరాపుట్, జగ్దల్‌పూర్ మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ వరకు నడిచే పగటి రైలు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు ఎగుమతి చేసేందుకు 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ మార్గంలో, అనంతగిరి కొండల సొరంగాలు దాటి, సుమారు 996 మీటర్ల ఎత్తున్న శిమిలిగుడ స్టేషన్ చేరుతుంది. ఖనిజం కోసమే ఒంటి లైనుగా పుట్టిన మార్గంలో గూడ్సుకు దారిచ్చి లూప్ లైనులో ఆగడం దీనికి పరిపాటి. మావోయిస్టుల భయంతో పలుమార్లు కిరండూల్‌కు ముందే దంతెవాడలో నిలిపేశారు; కొండచరియలు విరిగిపడినప్పుడూ అంతరాయమే. 2017 ఏప్రిల్‌లో పర్యాటకులకు తిరిగే సీట్ల అద్దాల బోగీ చేర్చారు. అయితే చార్జీల దెబ్బ గిరిజన ప్రయాణికులకు తగిలింది: 2020 మార్చిలో కోవిడ్‌తో ఆగిన రైలు ప్రత్యేక రైలుగా, ఎక్స్‌ప్రెస్ చార్జీతో తిరిగొచ్చింది. పాత పాసింజర్ చార్జీలు 2024 వరకు రాలేదు.