ధూళి నుంచి దూత వరకు: కణబాహ్య కోశికలు – మెదడు వ్యాధులు

ఒక వస్తువుకు పెట్టిన పేరు దానిపై జరిగే పరిశోధన దిశను ప్రభావితం చేస్తుంది. జీవకణాలు వెలుపలికి విడిచే సూక్ష్మమైన పొరసంచుల చరిత్ర ఇందుకు నిదర్శనం. ఎక్స్‌ట్రాసెల్యులర్ వెసికిల్స్ అనే వీటిని తెలుగులో కణబాహ్య కోశికలు అనవచ్చు.

1946లో చార్గాఫ్, వెస్ట్ రక్తరసాన్ని సెంట్రిఫ్యూజ్‌లో అతివేగంగా తిప్పి, అడుగున చేరిన పదార్థానికి రక్తాన్ని గడ్డకట్టించే గుణం ఉందని గుర్తించారు. 1967లో పీటర్ వుల్ఫ్ ప్లేట్‌లెట్ల నుంచి వెలువడే ఇటువంటి రేణువులను ‘ప్లేట్‌లెట్ ధూళి’ అన్నారు. 1983లో సెయింట్ లూయిస్, మాంట్రియాల్ నగరాల్లోని రెండు బృందాలు ఎదిగే దశలోని ఎర్రరక్తకణాలు ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకాలను కోశికల రూపంలో విసర్జిస్తాయని చూపాయి. దీనితో కోశిక కణం పారవేసే చెత్తసంచి అన్న భావన బలపడింది.

ఈ భావన సడలడానికి కాలం పట్టింది. 1996లో రపోజో బృందం బి-కణాల కోశికలు టి-కణాలను ప్రేరేపించగలవని నిరూపించింది. 2007లో వలాది బృందం కోశికలు ఒక కణం నుంచి మరొక కణానికి ఆర్‌ఎన్‌ఏను చేరవేస్తాయని చూపింది. చెత్తసంచి దూతగా మారింది.

మెదడు వ్యాధుల పరిశోధనలో ఈ మార్పు కీలకమైంది. కోశికలతో పాటు 2004లో ప్రయాన్లు, 2006లో ఆల్జీమర్స్‌కు సంబంధించిన బీటా అమిలాయిడ్, 2010లో పార్కిన్సన్స్‌కు సంబంధించిన ఆల్ఫా సిన్యూక్లిన్ కణాల నుంచి వెలువడుతున్నట్లు వెల్లడైంది. 2015లో ఎలుకలలో కోశికల ఉత్పత్తిని అడ్డుకున్నప్పుడు టౌ ప్రోటీన్ వ్యాప్తి తగ్గింది. అయితే నాడీకణాల కోశికలను ఆల్జీమర్స్ నమూనా ఎలుకల మెదడులోకి ఎక్కించినప్పుడు అమిలాయిడ్ తగ్గినట్లు 2014లో యుయామా బృందం ప్రకటించింది. 2011లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఔషధప్రాయమైన ఆర్‌ఎన్‌ఏను ఎలుకల మెదడుకు చేర్చడానికి వీటినే వాహకాలుగా వాడారు. కనుక వీటిని కేవలం వ్యాధివాహకాలుగా భావించడం కూడా మరొక తొందరపాటే అవుతుంది.

పేరు చూపే ప్రభావం రోగుల వరకు చేరుతుంది. జీవించి ఉన్న రోగి మెదడు నుంచి కణజాలం సేకరించడం కష్టం. అందువల్ల ఎల్‌1క్యామ్ అనే ప్రోటీన్‌ను ఆనవాలుగా తీసుకుని, రక్తం నుంచి వేరుచేసిన కోశికలకు ‘నాడీకణాల కోశికలు’ అని పేరు పెట్టడం వ్యాపించింది. 2021లో ఒక అధ్యయనం మానవ రక్తరసంలో ఆ ప్రోటీన్ కోశికలతో కాక విడిగా ఉంటుందని చూపింది. దానితో ఆ ఆనవాలుపై ఆధారపడిన వ్యాధినిర్ధారణ ఫలితాలు సందేహానికి లోనయ్యాయి. అంతకుముందే, 2018 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు కోశిక పుట్టుక రుజువు కానిదే ‘ఎక్సోసోమ్’ వంటి ప్రత్యేక నామం వాడవద్దని, సాధారణ నామమే వాడాలని సూచించాయి.

తెలుగు పారిభాషిక పద నిర్మాణానికీ ఈ జాగ్రత్త వర్తిస్తుంది. ‘కణబాహ్య కోశిక’ అన్న మాట ఆ వస్తువు ఉన్న చోటును, ఆకారాన్ని మాత్రమే చెబుతుంది. దాని పని ఏమిటన్నది పరిశోధన తేల్చవలసిన విషయం.