జడ్చర్ల రైల్వే స్టేషన్

జడ్చర్ల రైల్వే స్టేషన్ సికింద్రాబాద్–డోన్ మార్గంలో, మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న స్టేషన్. స్వంత రైలుమార్గం లేని కల్వకుర్తి పట్టణానికి ఇక్కడే రైలు దొరుకుతుంది. 167వ నంబరు జాతీయ రహదారి మీద రెంటి మధ్య దూరం సుమారు 45 కి.మీ. జడ్చర్లలో బాదేపల్లి పేరు నేటికీ మార్కెట్ యార్డు పేరులో నిలిచింది. నిజాం రైల్వే 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో వేసిన ఈ మార్గం మీటర్ గేజ్. పట్టాల మధ్య ఎడం 1,000 మి.మీ. 1990లలో దాన్ని 1,676 మి.మీ. బ్రాడ్ గేజ్‌గా మార్చారు. మార్గం 1951లో మధ్య రైల్వేకు, తర్వాత 1966 అక్టోబర్ 2న ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేకు చేరింది.

ఇదే మార్గంలోని కాచిగూడ స్టేషన్‌లో 1916 నాటి గుమ్మటాలు, మీనార్ల భవనం వాడుకలోనే ఉంది. జడ్చర్లను అమృత్ భారత్ పథకం కింద పునరభివృద్ధికి ఎంపిక చేశారు.