గాలిసంచియు, దాని సాక్షిదీపమును



మోటారుకారులో బ్రేకు చెడినచో పాదమునకు తెలియును. ఇంజను చెడినచో చెవికి తెలియును. ప్రమాదమున మనుష్యుని రొమ్మును, శిరస్సును కాపాడుటకై స్టీరింగులో మడచి దాచిన ఎయిర్‌బ్యాగు చెడియున్నచో ఎట్లు తెలియును? పేల్చి చూడవలెనందుమా, ఒకమారు పేలినది మరల పనికిరాదు. హెచ్చరికదీపమునకు ఈ చిక్కే మూలము.

1952లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున జాన్ హెట్రిక్ అను నాతడు భార్యాపుత్రికలతో కారులో పోవుచు, దారిలోని బండరాతిని తప్పింపబోయి గోతిలో దిగెను. బిడ్డ ముందుకు తూలకుండ దంపతులిద్దరును చేతులు అడ్డము పెట్టిరి. ఆ చేతుల పనిని ఒక సంచి చేయరాదా యని తలపోసి, ఆతడు 1953లో పేటెంటు పొందెను. కాని అణచి నింపిన గాలికి అంత వేగము లేదు. తరువాతివారు సోడియం అజైడును విద్యుత్తుచే మండించి, అందుండి పుట్టు నత్రజనితో సెకనులో సుమారు 30వ వంతున సంచిని నింపగలిగిరి. జనరల్ మోటార్సువారు 1970వ దశాబ్దిలో అట్టి కారులను సుమారు 10,000 అమ్మి మానుకొనిరి. 1980 చివర మెర్సిడెస్ బెంజివారు మరల చేపట్టిరి.

ఇక దీపము సంగతి. తాళము త్రిప్పగనే ఒక చిన్న విద్యుత్పేటిక ప్రతి సంచి తీగలోనికి, సంచి పేలనంత స్వల్పమైన విద్యుత్తును పంపి పరీక్షించును. దీపము కొన్ని సెకనులు వెలిగి ఆరినచో తీగలు సరిగానున్నవి. ఆరకున్నచో ఎక్కడనో లోపము కలదు: సీటు క్రింది తీగల జోడింపు వదులగుట, స్టీరింగులోపల గడియారపు స్ప్రింగువలె చుట్టిన తీగపట్టీ తెగుట తరచు కాననగును. అసలే వెలుగనిచో అంతకన్న అనుమానింపవలెను. పాతకారు అమ్మువాడు దీపమునే ఊడదీసియుండవచ్చును! అయితే బల్బు పెట్టి ఆ తీగలను పరీక్షింపరాదు, సంచి ముఖముమీదనే పేలగలదు. బ్యాటరీ విప్పినను కొన్ని నిమిషములవరకు పేటికలో విద్యుత్తు నిలిచియుండును. స్కానరు గల మెకానిక్కే దోషసంఖ్యను చదువవలెను.

పెద్దలారా, ఈ సాక్షి చూచునది తీగలనే గాని మందును కాదు. జపానుదేశపు తకాటా కంపెనీ వాడిన అమ్మోనియం నైట్రేటు, ఏండ్ల తరబడి వేడికిని తేమకును చెడి, పేలినప్పుడు లోహపు గిన్నెనే బ్రద్దలుచేసి తునకలను మనుష్యులపైకి చిమ్మెను. పలువురు మరణించిరి. ఆ దోషమునకు దీపము వెలుగదు. 2017లో కంపెనీ దివాలా తీసెను. మనదేశమునను హోండావారు ఇందుకై కారులను వెనుకకు పిలిచిరి. పాతకారు ఛాసిస్ నంబరును డీలరునకు చూపినచో, అది ఆ పిలుపులోనిదో కాదో చెప్పుదురు.