సంకిడి కేల్‌బార్: అరకు కొండల్లో ఊరి నుంచి ఊరికి సాగే ధింసా

విశాఖపట్నానికి సుమారు 115 కిలోమీటర్ల దూరంలో ఉన్న అరకు లోయలోనూ, దాని చుట్టూ ఉన్న తూర్పు కనుమల గ్రామాలలోనూ బగత, వాల్మీకి, కోదు, కోటియా మొదలైన తెగల స్త్రీపురుషులు కలిసి ఆడే సామూహిక నృత్యం ధింసా. పండుగ రోజులలో ఒక ఊరి బృందం మరో ఊరికి అతిథిగా వెళ్లి, అక్కడ ధింసా ఆడి, ఆ ఊరివారితో కలిసి విందు ఆరగించే ఆచారాన్ని సంకిడి కేల్‌బార్ అంటారు. తెగలు వేరైనా ఆదివాసీ ఒడియా ఉమ్మడి భాషగా చెలామణి అయ్యే ఈ కొండల్లో, ఊళ్ల మధ్య స్నేహసంబంధాలను నిలిపే మార్గాలలో ఇదొకటి.

ఈ రాకపోకలకు ముఖ్యమైన కాలం మార్చి, ఏప్రిల్ నెలలలో వచ్చే చైత్రమాసం. పెళ్లిళ్లలోనూ ఇతర పండుగలలోనూ కూడా చిన్నాపెద్దా తేడా లేకుండా ధింసా ఆడతారు. డప్పు, తుడుము, కిరిడి అనే చర్మవాద్యాలు, సన్నాయిని పోలిన మోరి, జంటగా ఊదే జోడుకొమ్ములు దీనికి తోడవుతాయి.

ధింసాలో 8 రకాలను చెబుతారు. గ్రామదేవతను కొలుస్తూ ఆడే బోడ ధింసాలో పురుషులు కుడివైపు, స్త్రీలు ఎడమవైపు వరుసలు కట్టి, ఒకరి వీపు వెనుకగా ఒకరు చేతులు బిగించి నిలబడతారు. కుడి వరుసలో మొదటివాడు నెమలి ఈకల కట్ట పట్టుకొని అడుగు వేయగా, ఎడమ వరుస చివరివారు అతనితో కలుస్తారు, అప్పుడు రెండు వరుసలూ ఒకటై అందెల చప్పుడుతో, ‘హరి’, ‘హుయి’ అనే కేకలతో పాములా మెలికలు తిరుగుతూ వలయంగా సాగి మళ్లీ వరుసకు చేరుకుంటాయి. పోతర్‌తోల ఆకులు కోయడాన్ని, బాగ్ ధింసా పులి దాడి నుంచి తప్పించుకోవడాన్ని అభినయిస్తాయి. నాటికారి తప్ప దాదాపు అన్నీ గుంపుగా ఆడేవే. పక్కవారి భుజం, వీపు ఆధారంగానే అడుగు కుదిరే ఈ అమరిక అతిథులనూ ఆతిథేయులనూ దగ్గర చేయడానికి ఎంతో అనువైనది.

ఆదిలాబాద్ ప్రాంతపు రాజ్‌గోండులు దీపావళికి ముందు దండారీ బృందాలుగా, నెమలి ఈకల కిరీటాలు ధరించిన గుస్సాడీలతో కలిసి ఊరూరా తిరగడం ఇటువంటిదే. ఈ గుస్సాడీ కళకు గాను మర్లవాయికి చెందిన కనకరాజుకు 2021లో పద్మశ్రీ లభించింది. నక్షత్రాలనూ అలలనూ చూసి దారి తెలుసుకొనే నావికవిద్యకు మళ్లీ ప్రాణం పోసిన హవాయి తెరచాప పడవ హొకులేఆ 2007లో మైక్రోనేషియా మీదుగా జపాను రేవులకు వెళ్లడాన్ని కూడా ఈ కోవలోనే చెప్పుకోవచ్చు: అక్కడ పడవ, ఇక్కడ నృత్యం, ఒక సమాజం తన వారసత్వాన్ని వెంటబెట్టుకొని మరో సమాజం గడప తొక్కడం రెండింటా ఉంది.

నేడు ధింసా పర్యాటకులకు ఎక్కువగా కనిపించేది విడిది గృహాల ఆవరణల్లోనూ ఉత్సవ వేదికలపైనా. కళాకారులకు అది కొంత ఆదాయమూ గుర్తింపూ తెచ్చిన మాట నిజమే గానీ, కొద్ది నిమిషాల ప్రదర్శనలో ఆతిథ్యమిచ్చే ఊరికీ, ఆట ముగిశాక జరిగే విందుకూ చోటు లేదు. అందువల్ల ఈ నృత్యాన్ని గ్రంథస్థం చేసేవారు అడుగులు, వాద్యాలతోపాటు ఏ ఊరివారు ఏ ఊరికి, ఏ పండుగకు వెళ్లేవారో పెద్దల నుంచి సేకరించి రాయడం అత్యవసరం.