గోదావరి త్రోవలో ఇటలీ మధువు

పూర్వపు కరీంనగరు జిల్లాలో పెద్దపల్లి సమీపమున పెద్దబంకూరు అను గ్రామమున్నది. అచట త్రవ్వకములు జరిపినప్పుడు వేలకొలది శాతవాహన నాణెములతోపాటు రోము చక్రవర్తులైన ఆగస్టసు, టైబీరియసుల నాణెములు కూడ బయటపడినవి. వానిని గూర్చి చదివినప్పుడెల్ల మాకొక ప్రశ్న తోచును: ఆ ధనము వచ్చిన త్రోవనే ఇటలీ ద్రాక్షామధువు కూడ వచ్చెనా?

ప్రశ్న వట్టి వేడుకకు కాదు. క్రీ.శ. మొదటి శతాబ్దమున ఈజిప్టువాసియగు గ్రీకు వర్తకుడొకడు ‘పెరిప్లస్’ అను సముద్రయాత్రా గ్రంథమును వ్రాసెను. భరుకచ్ఛ రేవునకు, అనగా నేటి భరూచికి, దిగుమతియగు సరకులలో అతడు మధువును పేర్కొని, అందును ఇటలీ దానినే మిక్కిలి కోరుదురని చెప్పినాడు. ఆ రేవునుండి దక్షిణముగ ఇరువది దినముల ప్రయాణమున పైఠను, అనగా శాతవాహనుల ప్రతిష్ఠానము, ఉన్నదనియు అతడే వ్రాసెను. పైఠనును ఒరసి పారు గోదావరి బాసర దాటి, ఆదిలాబాదు కరీంనగరుల నడుమ ఎల్లగా సాగి, సిముకుని నాణెములు దొరికిన కోటిలింగాలను చేరుచున్నది. ఎగువన, ఉపనదియగు ప్రవర యొడ్డున, నేవాసాలో రోమను మధుభాండముల పెంకులు దొరికినవి. త్రోవ యుండెను, నిజమే. అంతమాత్రమున ప్రతి సరకును తుదిదాక వచ్చెననరాదు. పెద్దబంకూరు నాణెము బట్టల వెలయైనను కావచ్చును.

సముద్రము దాటుటకు ఆ మధువునకు గల యోగ్యత దాని నిలువయే. లోపల చెట్టుబంక పూసిన రెండుచెవుల కూజాలో ఇంచుమించు 26 లీటర్లు పోసి మూతి బిగించెడివారు. క్రీ.పూ. 121 నాటి మధువు దాదాపు 200 ఏండ్లు నిలిచి తేనెవలె చిక్కనై కటువెక్కినదని ప్లినీ వ్రాసెను. అంత ముదురుది మనకెందుకు లెండి! నేటి ఇటలీలో బరోలో అను ఎర్రమధువును 38 నెలలైనను నిలువ చేయవలెనని నియమము. అందు 18 నెలలు కొయ్యపీపాలలోనే. దాని వగరు తొలుత నాలుకను పట్టివేయును. ఏండ్లు గడువ ఆ వగరు మెత్తబడును, ఎరుపు ఇటుకరంగునకు తిరుగును, గులాబీవాసనలో తారువాసన కలియును. దానిని భోజనముతో, చిన్నగుక్కలుగా, తొందర లేక త్రాగుదురు.

మన తాటికల్లు తీరు వేరు. తెల్లవారుజామున గౌడు లొట్టి దించినప్పుడు తీపి. పొద్దెక్కినకొలది పొంగు, పులుపు. మరునాటికి సిర్కావలె పులిసిపోవును. తాటాకు రేకలో పట్టి చెట్టుక్రిందనే త్రాగవలసిన వస్తువది. ఓడ యెక్కుటకు దానికి వ్యవధి యెక్కడిది? ఆదిలాబాదు అడవుల ఇప్పపూవు ఎండబెట్టినచో నెలల తరబడి నిలుచును గాని, గోండులు దాని సారాను ముందుగా తమ వేలుపులకే ధారపోయుదురు. గ్రీకు వర్తకుడు వ్రాసికొన్నది రేవున దిగి, రేవున ఎక్కు సరకులనే గదా!