శ్రమకు కొలత: చెరువు కట్ట నుండి కార్యాలయపు దీపం వరకు

ఏదైనా ఒక పని చేయించదలచినవారు మొదట అడిగే ప్రశ్నలు రెండు. సామాను ఎంత కావలెను? మనుషులు ఎందరు, ఎన్ని రోజులు కావలెను? మొదటి ప్రశ్నకు జవాబు తేలిక. ఒక కార్యాలయపు పైకప్పున పాత దీపాలు 48 ఉంటే కొత్తవి కూడా 48 కావలెను. రెండవ ప్రశ్న అంత తేలిక కాదు. సామానును లెక్కపెట్టవచ్చును, శ్రమను కొలవవలసి ఉంటుంది. కొలుచుటకు కొలబద్ద కావలెను. ఆ కొలబద్ద కోసం మానవుడు చాలా కాలము వెదకినాడు. ఆ వెదకులాట చరిత్రను తెలుసుకొంటే మన కార్యాలయపు దీపాల లెక్క కూడా తేలుతుంది.

మట్టి నేర్పిన పాఠం

హైదరాబాదు నుండి నాగార్జునసాగరుకు పోయే దారిలో, రంగారెడ్డి జిల్లాలో ఇబ్రహీంపట్నం ఉన్నది. ఆ ఊరి పెద్ద చెరువు, గోల్కొండను 1550 నుండి 1580 వరకు పాలించిన ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలపుదని ప్రతీతి. యంత్రాలు లేని ఆ రోజులలో చెరువు కట్ట వేయుట అంటే మట్టి తవ్వుట, గంపకెత్తుట, మోయుట, పోయుట, దిమ్మిస కొట్టుట. తవ్విన గుంట పొడవు, వెడల్పు, లోతు కొలిస్తే మట్టి ఎంతో తెలుస్తుంది. కాని ఒకే కొలతగల రెండు గుంటలకు పట్టిన శ్రమ ఒక్కటే అనుకొనుట పొరపాటు. కట్ట పక్కనే తవ్విన మట్టి వేరు, దూరాన తవ్వి మోసుకొని వచ్చిన మట్టి వేరు. కట్ట అడుగున పోసిన గంప వేరు, కట్ట నెత్తిన పోసిన గంప వేరు.

తరువాతి కాలపు ఇంజనీర్లు ఈ భేదాలకు పేర్లు పెట్టినారు. మోసిన దూరము 'లీడు', ఎత్తిన ఎత్తు 'లిఫ్టు'. ప్రభుత్వ ఇంజనీరింగు శాఖల రేట్ల పట్టికలలో ఈ రెండు మాటలు నేటికీ ఉన్నవి. తవ్వేటప్పుడు గుంట నడుమ అక్కడక్కడ మట్టిని స్తంభాలుగా వదలి, కొలతలు తీసిన తరువాతనే వాటిని తీసివేయుట కూడా పాత వాడుక. నేల మొదట ఎంత ఎత్తున ఉండెనో ఆ స్తంభాలు సాక్ష్యం చెప్పేవి. కూలివానికి, కూలి ఇచ్చేవానికి తగవు రాకుండా చూచిన సాధనమది. కొలత అంటే న్యాయమని ఆ మట్టి స్తంభమే చెప్పుచున్నది.

ఈ దారిలోనే ఇంకా ముందుకు పోతే, కృష్ణానదిపై నాగార్జునసాగరు కనబడుతుంది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన ఈ ఆనకట్ట నడిమి భాగమంతా రాతి కట్టడము. వేలాది మంది కూలీలు వాలు పరంజాల మీదుగా రాళ్ళను, సిమెంటును పైకి చేర్చి దానిని కట్టినారు. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలినారు. అక్కడ కూడా లెక్కకు మూలము ఆ రెండే: ఎంత దూరము, ఎంత ఎత్తు.

మెట్లు ఎక్కిన మనిషి

శ్రమను భౌతికశాస్త్రపు కంటితో చూచినవారిలో ముఖ్యుడు ఫ్రాన్సు దేశపు కూలుంబ్. విద్యుదావేశాల నడుమ పనిచేసే బలానికి నియమము చెప్పిన శాస్త్రజ్ఞుడు ఈయనే. ఈయన వృత్తిచేత సైనిక ఇంజనీరు. యౌవనములో మార్టినిక్ ద్వీపమున కోట కట్టించినాడు. పనివారిని దగ్గర నుండి చూచిన ఆ అనుభవము వృథా పోలేదు. మనిషి ఒక రోజులో చేయగల పనిని గురించి ఆయన 1798లో ఒక ప్రసిద్ధ వ్యాసము సమర్పించినాడు.

ఆయన వేసిన లెక్క ఇది. 70 కిలోల బరువుగల మనిషి బరువేమీ మోయకుండా ఎక్కితే, రోజుకు తన శరీరాన్ని సుమారు 2,900 మీటర్ల ఎత్తుకు చేర్చగలడు. అనగా 205 కిలోలను ఒక కిలోమీటరు ఎత్తినంత పని. అదే మనిషి 68 కిలోల కట్టెలను 12 మీటర్ల ఎత్తుకు రోజుకు 66 మార్లు మోసినాడు. శరీరము, కట్టెలు కలిపి 138 కిలోలు. 138ని 12తోను, 66తోను గుణించి చూడండి. సుమారు 109 కిలోలను కిలోమీటరు ఎత్తినంత పని మాత్రమే వస్తుంది. బరువు పెరిగితే రోజు మొత్తపు పని తగ్గిపోయినది! మరీ తక్కువ బరువు మోస్తే శ్రమ అంతా సొంత శరీరాన్ని ఎత్తుటకే పోతుంది. మరీ ఎక్కువ మోస్తే అలసట మింగివేస్తుంది. నడుమ ఎక్కడో మేలైన బరువు ఉన్నది. కూలుంబ్ లెక్క ప్రకారము అది సుమారు 53 కిలోలు.

దీనిలో గమనించవలసినది ఆ అంకె కాదు. గంటసేపు చేయగలిగిన పనిని ఎనిమిదితో గుణిస్తే రోజు పని రాదని కూలుంబ్ అంకెలతో చూపినాడు. అలసట కూడా లెక్కలోనిదే.

గడియారము చేతబట్టిన వారు

అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ 1880ల నుండి పనిని చిన్నచిన్న ముక్కలుగా విడదీసి, ఒక్కొక్క ముక్కకు పట్టే కాలాన్ని గడియారముతో కొలిచినాడు. బెత్లెహేం ఉక్కు కర్మాగారములో పార పని చేసేవారిని పరిశీలించి, ఒక్కొక్క పారకు సుమారు 21 పౌన్లు ఎత్తితే రోజు మొత్తములో ఎక్కువ పని అగునని చెప్పినాడు. కూలుంబ్ చెప్పిన మేలైన బరువే మరొక రూపములో ఇక్కడ కనబడుచున్నది.

ఫ్రాంక్ గిల్బ్రెత్ తాపీ పనిని పరిశీలించినాడు. ఇటుక కోసము మేస్త్రీ ప్రతిసారీ నేలకు వంగుచున్నాడు. ఐదు పౌన్ల ఇటుకతోపాటు తన శరీరపు పై భాగాన్నంతా లేపుచున్నాడు. ఇటుకలు నడుము ఎత్తున అందేటట్లు ఆయన పరంజాను మార్చినాడు. కదలికలు 18 నుండి ఐదింటికి తగ్గినవి. గంటకు 120 ఇటుకలు పేర్చే చోట 350 పేర్చగలిగినారని టేలర్ తన 1911 గ్రంథములో వ్రాసినాడు.

కాని గడియారము రెండు అంచుల కత్తి వంటిది. అదే 1911లో వాటర్‌టౌన్ ఆయుధాగారపు పనివారు తమను గడియారముతో కొలుచుటకు ఒప్పుకొనక సమ్మె చేసినారు. 1915లో అమెరికా చట్టసభ, ప్రభుత్వపు సొమ్ముతో అట్టి కొలతలు జరుపరాదని నిషేధించినది. ఆ నిషేధము 1949 వరకు ఉన్నది. కొలత పనిని తేలిక చేయుటకా, పనివానిని తరుముటకా అన్న ప్రశ్న అక్కడ లేచినది. ఆ ప్రశ్న నేటికీ పాతబడలేదు.

దీపాల లెక్క

ఇప్పుడు మన దీపాల వద్దకు వద్దాము. ట్యూబులైట్లు 1938లో అమెరికా అంగళ్ళకు వచ్చినవి. తరువాత అవి మన కార్యాలయాల పైకప్పులను ఆక్రమించినవి. 1990లలో ప్రకాశవంతమైన నీలి కాంతినిచ్చే ఎల్.ఇ.డి. తయారగుటతో తెల్లని కాంతికి దారి ఏర్పడినది. ఆ పరిశోధనకు 2014లో నోబెల్ బహుమతి లభించినది. అదే ఏడు అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని దెబ్బతీసిన పిమ్మట, ఆ నగరపు వీధి దీపాలను ఎల్.ఇ.డి.లుగా మార్చినారు. కార్యాలయాలలో కూడా ఈ మార్పిడి జరుగుచున్నది.

ఇబ్రహీంపట్నములో ఒక కార్యాలయమున్నదనుకొందాము. 48 ట్యూబులైట్లను పట్టీలతో సహా తీసి కొత్త దీపాలు బిగించవలెను. ఒక ఎలక్ట్రీషియను, ఒక సహాయకుడు ఉన్నారు. ఒక దీపానికి విప్పుట, బిగించుట, తీగలు కలుపుట, వెలిగించి చూచుట అన్నీ కలిసి 25 నిమిషాలు పట్టుననుకొందాము. 48ని 25తో గుణిస్తే 1,200 నిమిషాలు, అనగా 20 గంటలు. రోజుకు 8 గంటలైతే రెండున్నర రోజులు. ఇద్దరు కలిసి ఐదు మనిషి-దినాలు. చాలామంది అంచనా ఇక్కడే ఆగుతుంది.

చెరువు కట్ట పాఠాన్ని ఇక్కడ గుర్తు చేసుకోవలెను. ప్రతి దీపము వద్ద బల్లలు జరిపి, కాగితాలపై గుడ్డ కప్పి, నిచ్చెన మార్చవలెను. ఇది లీడు. ఐదేసి నిమిషాలు వేసుకొన్నా మరి 4 గంటలు. మొత్తము 24 గంటలైనది. ఇక లిఫ్టు. నిచ్చెన ఎక్కుట కంటే, చేతులు తలపైకి ఎత్తి పనిచేయుట ఎక్కువ కష్టము. దీపాన్ని కప్పుకు ఆనించి కదలకుండా పట్టుకొన్నవాడు భౌతికశాస్త్రము ప్రకారము పనేమీ చేయుట లేదు, ఎందుకంటే స్థానభ్రంశము లేదు. కాని వాని కండరాలు శక్తిని ఖర్చు చేయుచునే ఉన్నవి. అందుచేత విశ్రాంతికి రోజుకు ఒక గంట ఇవ్వవలెను. పొద్దున సామాను దించుటకు, మెయిన్ స్విచ్చి కట్టి తీగలో విద్యుత్తు లేదని పరీక్షించుటకు, సాయంత్రము ఊడ్చి సర్దుటకు ఇంకొక గంట. రోజుకు మిగిలినవి 6 గంటలు. 24ను 6తో భాగిస్తే 4 రోజులు.

ఎనిమిదింట ఒకచోట పాత రంధ్రము సరిపడకనో, పెచ్చు ఊడియో, తీగ పాడైయో మరొక అరగంట పట్టుననుకొంటే ఆరు దీపాలకు 3 గంటలు, అనగా అర రోజు. మొత్తము నాలుగున్నర రోజులు, తొమ్మిది మనిషి-దినాలు. మొదటి అంచనాకు ఇంచుమించు రెట్టింపు! పాత ట్యూబులలో పాదరసము ఉంటుంది కనుక వాటిని పగలకుండా దించి చేర్చే కాలము కూడా మరువరాదు.

పై అంకెలు ఉదాహరణకు వేసుకొన్నవి. ఏ కార్యాలయానికి ఆ కార్యాలయపు అంకెలే కావలెను. మొదట నాలుగైదు దీపాలు మార్చి, పట్టిన కాలము వ్రాసుకొని, తరువాత మొత్తము లెక్క కట్టుట మంచి పద్ధతి. మొదటి దీపానికి ఎక్కువ కాలము, పదవదానికి తక్కువ కాలము పట్టుట సహజము. విమానాల తయారీలో సంఖ్య రెట్టింపైనప్పుడెల్లా ఒక్కొక్క విమానానికి పట్టే శ్రమ ఇంచుమించు అయిదవ వంతు తగ్గుచున్నదని టి.పి. రైట్ 1936లో చూపినాడు. అందుచేత మొదటి దీపాన్ని మాత్రమే చూచి అంచనా వేయరాదు.

తప్పు అంచనా కాగితము మీద ఉండిపోదు. తొమ్మిది దినాల పనికి ఐదు దినాల కూలి ఇస్తే, మిగిలిన నాలుగు దినాలు ఎక్కడ నుండి వస్తవి? విద్యుత్తు ఆపకుండా తీగ ముట్టుకొనుట నుండి, నిచ్చెన పట్టుకొనేవాడు లేకుండా ఎక్కుట నుండి, మర బిగియకుండా వదలివేయుట నుండి వస్తవి. ఆ లోటును తీర్చేది పనివాని శరీరము. అందుచేత అంచనా వేయుటలో గణితము ఎంత ఉన్నదో న్యాయము కూడా అంతే ఉన్నది.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో సులభముగా చేయించవచ్చును. ఒక గది నుండి మరొక గదికి ఇరవై కుర్చీలు చేర్చుటకు పట్టే కాలాన్ని విద్యార్థులు ముందుగా ఊహించి వ్రాయవలెను. పిమ్మట ఒక కుర్చీని కొలిచి ఇరవైతో గుణించవలెను. చివరకు ఇరవై కుర్చీలు నిజముగా చేర్చి చూడవలెను. మూడు అంకెలు పక్కపక్కన వ్రాసి, వాటి మధ్య తేడా ఎందుకు వచ్చెనో చర్చించితే, కూలుంబ్ చెప్పిన పాఠము వారికి బోధపడుతుంది.