నీటిబాధ, దీపపు ధర



విజయవాడ బాటను పట్టి హైదరాబాదునకు వచ్చు పల్లెవారికి నగరపు తొలి వాకిలి ఎల్.బి.నగరు. లాల్ బహదూర్ శాస్త్రిగారి పేర వెలసిన యా పేటను దాటి, కొత్తపేట, చైతన్యపురుల మీదుగా కొంతదూరము పోయినచో దిల్‌సుఖ్‌నగరు వచ్చును. దిల్‌సుఖ్ రామ్ ప్రసాద్ అను భూస్వామి తోటలుండిన నేల యగుటచే దాని కా పేరు కలిగెనందురు. ఇప్పుడచ్చట తోట లేదు. కోచింగు సెంటర్లు, బట్టల అంగళ్లు, తలపై మెట్రో రైలు. ఈ రెండు పేటల నడుమ, బాటకు దక్షిణముగ, సరూర్‌నగరు చెరువున్నది. ఈ చెరువును గూర్చియు, ఆ ఇండ్లలో వెలుగు దీపమును గూర్చియు జనులు సర్కారుతో జరిపిన వాదమే నేటి ప్రసంగమునకు విషయము.

చెరువును 1626లో, కుతుబ్‌షాహీల కాలమున, కట్టించిరని చెప్పుదురు. దాని వైశాల్యము 99 ఎకరములు. ఎగువనున్న మీర్‌పేట మొదలగు చెరువులు నిండి మత్తడి దూకిన నీరు దీనిలోనికి వచ్చును. ఇది నిండిన పిదప మిగులు నీరు మూసీని చేరును. గొలుసుకట్టు చెరువుల తీరును మీకు వివరించుట తాతకు దగ్గులు నేర్పుట వంటిది. తూము, కట్ట, మత్తడి, శిఖము అను మాటల నెరిగిన ప్రతి రైతునకును, శిఖము భూమిలో ఇల్లు కట్టినచో ఏమగునో తెలియును. నగరమున ప్లాట్లు కోసి అమ్మినవారికి అది తెలియక కాదు. కొన్నవారిలో పెక్కుమందికి మాత్రము తెలియదు. రిజిస్ట్రేషను కాగితమును, ఇంటిపన్ను రసీదును, కరెంటు మీటరును చేతికి వచ్చిన పిమ్మట, తమ నేల యొకప్పుడు చెరువుకడుపని వారికి చెప్పినవారు లేరైరి.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీకి వచ్చిన వరదను మీరు వినియే యుందురు. సుమారు 15,000 మంది మృతులైరి. అఫ్జల్‌గంజు ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి 150 మంది బ్రతికిరి; ఆ చెట్టు నేటికిని గలదు. ఆ మీద నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పింపగా, ఆయన సలహాను బట్టి నగరమునకు పడమట 1920లో ఉస్మాన్ సాగరును, 1927లో హిమాయత్ సాగరును ముగిసినవి. ఆ రెండు జలాశయములును నగరమునకు మహోపకారము చేసినవి. అయితే ఒక్క సంగతి మరువరాదు. అవి పైనుండి వచ్చు నీటిని ఆపగలవే గాని, ఎల్.బి.నగరుపైననే కురిసిన వానను ఆపజాలవు. తూర్పు పేటలకు కాపు తూర్పు చెరువులే.

ఈ కాపు సడలిన సంగతి 2000వ సంవత్సరమున బయటపడెను. ఆగస్టు 24వ తేదీ నాటి వాన ఒక్క దినములోనే 24 సెంటీమీటర్లు. వల్లపు పేటలన్నియు నీట మునిగినవి. చిత్రమేమన, సరిగా నాలుగు దినములకు, ఆగస్టు 28న, అదే నగరమున మరియొక దుర్ఘటన జరిగెను. కరెంటు చార్జీల పెంపును నిరసించుచు వామపక్షములును కాంగ్రెసును కూడి ‘చలో అసెంబ్లీ’ యను ఊరేగింపును నడపగా, బషీర్‌బాగు కడ పోలీసులు కాల్పులు జరిపిరి. రామకృష్ణ, విష్ణువర్ధన రెడ్డి, బాలస్వామి యను మువ్వురు అసువులు బాసిరి. వారి స్మారకస్తంభ మచ్చట నిలిచియున్నది. ఒకే వారమున నీరు ఇండ్లలోనికి వచ్చుటయు, దీపపు ధరకై నెత్తురు చిందుటయు చరిత్రలో తరచుగ కానరాదు. పత్రికలవారు రెంటిని వేరు వేరు పుటలలో వేసిరి. నాకు మాత్రము అవి ఒకే కథలోని రెండు ఘట్టములుగ తోచుచున్నవి: ఇతరులు చేసిన లెక్కకు బీదలు చెల్లించుట రెంటను గలదు.

చార్జీల కథ యిట్టిది. ఆంధ్రప్రదేశ్ విద్యుత్తు సంస్కరణల చట్టము 1998లో పుట్టి 1999 ఫిబ్రవరి 1 నుండి అమలునకు వచ్చెను. అదే నెలలో ప్రపంచబ్యాంకు 21 కోట్ల డాలర్ల అప్పును మంజూరు చేసెను. రాష్ట్ర విద్యుత్తు బోర్డును చీల్చి, ఉత్పత్తికి జెన్‌కో, రవాణాకు ట్రాన్స్‌కో యని రెండు సంస్థలను చేసిరి. పిదప పంపిణీకి నాలుగు కంపెనీలు ఏర్పడెను. ధర నిర్ణయించుటకు విద్యుత్తు నియంత్రణ మండలి యను క్రొత్త పంచాయితీ నొకదానిని నెలకొల్పిరి. దాని తొలి అధ్యక్షులు జి.పి.రావుగారు. చిత్తమున నుంచుకొనదగిన విశేషము: ధర పెంపునకు దారి తీసిన చట్టమే, ఆ ధరను గూర్చి మాటాడు హక్కును సామాన్యునకు ఇచ్చెను. అంతకు పూర్వము ధర యెంతయో గెజిటులో చూచి తెలిసికొనుటయే గాని, ఏల యని యడుగుటకు చోటు లేకుండెను.

ఆ హక్కును పట్టుకొనినవారు కొలదిమందియే. తిమ్మారెడ్డిగారి ‘పీపుల్స్ మానిటరింగ్ గ్రూపు’ మొదలగువారు కంపెనీల లెక్కల పుస్తకములను తెరచి చదువ నారంభించిరి. అందులో రైతునకు సంబంధించిన దొక్కటి చెప్పెదను. బోరుబావుల మోటార్లకు మీటర్లు లేవు. కాబట్టి రైతు ఎంత కరెంటు వాడెనో కంపెనీ తానే అంచనా వేసి వ్రాసికొనును. అట్లు వ్రాసినపుడు తీగెలలో పోయిన నష్టమును, పట్టణములలోని దొంగతనమును గూడ రైతు ఖాతాలో కలిపి, నింద నతనిపై మోపుట సులభము. వాదులు ఈ సంగతిని మండలి యెదుట పెట్టిరి. ఊరేగింపుకంటె ఈ పని చప్పగా నుండును. దీనికి పూలదండలు లేవు, స్తంభములు లేవు. కాని నా యభిప్రాయమున బషీర్‌బాగున ప్రాణమిచ్చిన వారికి ఇది ఏ విధముగను తక్కువ నివాళి కాదు.

2004 మే 14న వై.ఎస్.రాజశేఖరరెడ్డిగారు ముఖ్యమంత్రియై తొలి సంతకమును వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు దస్త్రముపై చేసిరి. ఆ నిర్ణయము వెనుక ఆ ఉద్యమమున్నదని అందరెరిగినదే.

నేడు అమలులో నున్నది 2003 నాటి కేంద్ర విద్యుత్తు చట్టము. దాని 64వ సెక్షను ప్రకారము పంపిణీ కంపెనీ తన ధర ప్రతిపాదనను సంక్షిప్తముగ ప్రకటింపవలెను; ప్రజల నుండి వచ్చిన సూచనలను, అభ్యంతరములను ఆలోచించిన పిదపనే మండలి తీర్పు చెప్పవలెను. అభ్యంతరమును తెల్లకాగితముపై తెలుగున వ్రాసి పంపవచ్చును, విచారణ దినమున నిలబడి మాటాడవచ్చును, వకీలును పెట్టుకొననక్కరలేదు. ఇక ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయి దినములు గడచినను, బిల్లు తప్పుగ వచ్చినను, 42వ సెక్షను క్రింద వినియోగదారుల ఫోరమును, దానిపై విద్యుత్తు అంబుడ్స్‌మనును గలరు.

నగరపు దీపమునకు మూలమెక్కడనో గూడ చూడవలెను. తొలినాళ్లలో హుస్సేన్ సాగరపు గట్టుననే బొగ్గు మండించి కరెంటు తీసిరి. పొగ త్రాగినవారును, దీపము వెలిగించుకొనినవారును ఒకే ఊరివారు. ఇప్పుడట్లు లేదు. ఎల్.బి.నగరు నుండి సాగిన బాటననుసరించి పోయినచో నల్లగొండ జిల్లా దామరచర్ల వస్తుంది. అచ్చట వీర్లపాలెమున 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రమున్నది. బూడిద యచ్చట, వెలుగిచ్చట. పర్యావరణ అనుమతి సరిగా లేదని 2022లో జాతీయ హరిత న్యాయస్థానము దానిని నిలిపివేయగా, 2024 ఫిబ్రవరిలో ఆ పల్లెల నడుమ మరల బహిరంగ విచారణ జరిపిరి. మూలుగు పల్లెది, మీట నగరముది అను సంగతి మన నగరవాసులు ఎప్పుడైన తలచెదరా?

మరల నీటికథకు వత్తము. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో నగరమున కుండపోతగ వాన కురియగా, సరూర్‌నగరు చెరువు పొంగి దిగువ కాలనీలను ముంచెను. జనులు దినముల తరబడి నీటిలో నుండిరి. సర్కారు ఇంటికి 10,000 రూపాయల సాయమును పంచ నారంభించి, నవంబరులో పురపాలక ఎన్నికల నియమావళి యడ్డుపడగా నిలిపెను. గాలి యొక డిగ్రీ వేడెక్కినచో సుమారు నూటికి ఏడు పాళ్లు ఎక్కువ తేమను పట్టుకొనునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. కనుక భూమి వేడెక్కుకొలది ఇట్టి కుండపోతలు హెచ్చును. చెరువు మాత్రము నాటి చెరువు కాదు. శిఖములో కొంత భాగము ఇండ్ల పాలయ్యెను. వాన పెరుగుటయు, చెరువు తరుగుటయు కలిసిన చోటనే ఈ కాలనీలున్నవి. ఎక్కువ కరెంటు వాడి ఎక్కువ బొగ్గు మండించువారు మిద్దెలపై నుందురు. నీరు మొదట చొచ్చునది పల్లపు గుడిసెలలోనికి.

2024 సెప్టెంబరు, అక్టోబరు నెలలలో ఈ వాదము మూసీ గట్టునకే వచ్చెను. నదిని శుభ్రపరచు పథకము పేర అధికారులు చాదర్‌ఘాటు మొదలు చైతన్యపురి, కొత్తపేటల వరకు గట్టు వెంబడి ఇండ్లపై ‘ఆర్.బి.ఎక్స్’ అను ఎర్ర గురుతులు వేసిరి. మూసానగరు, శంకరనగరులలోని బీదలు కొందరు సర్కారిచ్చిన రెండు పడకగదుల ఇండ్లకు తరలిరి. వారి పాత ఇండ్లు కూలెను. చైతన్యపురి, కొత్తపేటలవారు మాత్రము కాగితములు చేతబట్టి వీధిలో నిలిచిరి. నదికి చోటు కావలెననుట నిజము. 1908 ఎరిగినవా రెవ్వరును దానిని కాదనరు. కాని అనుమతి నిచ్చిన దొరతనమే ఆ అనుమతిని కాదన్నపుడు నష్టమెవరిదను ప్రశ్నకు బదులు రావలసియుండెను. కొందరు హైకోర్టు నాశ్రయించిరి.

అదే అక్టోబరులో, ఇరువది నాలుగేండ్ల క్రిందటివలెనే, నీటితోపాటు దీపపు ధరయు చర్చకు వచ్చినది. నెలకు 300 యూనిట్లు దాటిన గృహముల స్థిరచార్జీని 10 రూపాయల నుండి 50 రూపాయలకు పెంపవలెనని కంపెనీలు కోరగా, మండలి సిరిసిల్ల, హైదరాబాదు మొదలగు చోట్ల విచారణ జరిపెను. ఈసారి తుపాకులు లేవు. జనులు వరుసగ లేచి, మైకు నందుకొని, లెక్కలు చదివిరి. అక్టోబరు 28న మండలి ఆ కోరికను త్రోసివేసెను.